ఎన్ని జతలున్నాయండీ

ఆవిడ పోయిందన్న కబురు నాకు పాలాయన చెప్పాడు. పొద్దున్న ఆరూ పది. నేను గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాను.

"పిన్నిగారు పోయారంటండి. తెల్లవారుజామున గుండెల్లో నొప్పన్నారంట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందంట."

"ఏ ఆసుపత్రికి?" అన్నాను.

ఆయన నావైపు అదోలా చూశాడు. పోయిన మనిషి గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదని నాకూ తెలుసు. కానీ మా వీధిలో ఎవరికి ఏ జబ్బు చేసినా ఏ ఆసుపత్రికి వెళ్ళాలో చెప్పింది ఆవిడే. ఆవిణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళాలో ఎవరు చెప్పి ఉంటారా అనిపించింది. పాలు పోయించుకుని లోపలికి వచ్చి కాఫీ పెట్టుకున్నాను. కాఫీ బాగానే కుదిరింది.

తాడేపల్లిగూడెంలో మా వీధికి నేను వచ్చి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళూ అందరితోపాటు నేనూ ఆవిణ్ణి 'పిన్నిగారూ' అనే పిలిచాను. ఇక్కడ మాత్రం 'గారు' రాయను. పేరు కూడా రాయను. ఆవిడ పేరు రాసిన కాగితం నా ఇంట్లో ఉండడం నాకు ఇష్టం లేదు.

పొట్టి మనిషి. గంజి పెట్టిన నేత చీర, ఎడమచేతి గాజుకు పిన్నీసుల గుత్తి, భుజాన గోధుమరంగు రెక్సిన్ సంచీ. భర్త ముప్పై ఏళ్ళు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి పోయాడు. ఆయన పోయాక ఆ డాక్టరు చదువు కాంపౌండరు మీదుగా తనకు వచ్చి చేరిందని ఆవిడ నమ్మకం. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మణికట్టు పట్టుకునేది. నాడి చూసినట్టు మూడు వేళ్ళతో. మాట పూర్తయ్యేదాకా వదిలేది కాదు. లాక్కుంటే బాగోదు, ఉంచితే ఆవిడ చెప్పినదానికి ఒప్పుకున్నట్టే. నేను ఒకసారి గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. పంచదార జబ్బుకు కాకరకాయ రసం తాగాలా వద్దా అన్న విషయం మీద నా చెయ్యి పద్నాలుగు నిమిషాలు ఆవిడ దగ్గరే ఉంది. నాకు పంచదార జబ్బు లేదు.

తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళను కూడా 'మీరు' అనేది. ఎప్పుడూ గొంతు పెంచలేదు. "నేను చెప్పానని కాదుగానండీ" అని మొదలుపెట్టేది. ఆ మాటతో మొదలైన సలహాను కాదన్నవాళ్ళను నేను మా వీధిలో చూడలేదు. గట్టిగా అరిచే మనిషికైతే ఎదురు చెప్పొచ్చు. ఇంత మెత్తగా, ఇంత మర్యాదగా మెడ మీద చెయ్యి వేసి నడిపించే మనిషికి ఏం చెబుతాం?

ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. ఆసుపత్రికి తోడు వస్తే సాయంత్రందాకా కూర్చునేది. తన ఇడ్లీలు తనే తెచ్చుకునేది, మనకూ పెట్టేది. ఇది రాయకపోతే తప్పు కాబట్టి రాస్తున్నాను. ఏమైనా తీసుకుని ఉంటే మాకు సులువుగా ఉండేది. ఇచ్చి వదిలించుకునేవాళ్ళం.

ఆసుపత్రి మంచిదో కాదో తెలుసుకోవడానికి ఆవిడకు ఒక పద్ధతి ఉంది. మా వైపు చిన్న ఆసుపత్రుల్లోనూ స్కానింగు సెంటర్లలోనూ చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్ళాలి. ఆవిడ ఆ చెప్పుల్ని చూసేది. ఆటోలో వెళుతూ "కాస్త నిదానంగా పోనివ్వండి బాబూ" అని మెడ బయటికి పెట్టి జతలు లెక్కపెట్టేది. ముప్పై దాటితే మంచి డాక్టరు. పదిహేను ఉంటే పరవాలేదు. పదికి తక్కువైతే ఆటో దిగనిచ్చేది కాదు.

"హస్తవాసి ఉంటే జనం రారాండీ? జనం వస్తే చెప్పులుండవాండీ?" అనేది. ఎవరైనా కొత్త డాక్టరు పేరు చెబితే ఆవిడ అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని జతలున్నాయండీ?"

దీన్ని అందరూ ఆవిడ తెలివి అనుకునేవారు. నేను కూడా అనుకున్నాను. ఎంతైనా అది అంకె కదా. అంకె చెప్పిన మనిషిని నేను తొందరగా నమ్ముతాను. అది నా బలహీనత.

నా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. నేను కొల్లేటి ఊరి మనిషిని. ఎనిమిదో తరగతి దాటలేదు. నాన్న చేపల చెరువుల మీద మేత లెక్కలు చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. ఇప్పుడు కూడా ఏడెనిమిది మంది రైతులు ఫోన్ చేసి నా చేత లెక్క కట్టించుకుంటారు. చెరువులో చేప ఎంత పెరిగిందో పైనుంచి చూస్తే తెలియదు. పదిహేను రోజులకోసారి వల విసిరి, పది చేపలు పట్టి, తూచి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాం. ఒకసారి తూస్తే బరువు తెలుస్తుంది. రెండోసారి తూస్తేనే పెరుగుదల తెలుస్తుంది. మొదటిసారి రాసుకున్న కాగితం పోతే రెండోసారి తూచినది మళ్ళీ మొదటిసారే అవుతుంది. నాకు తెలిసిన లెక్కల్లో ఇంతకంటే పెద్ద లెక్క లేదు.

మా అక్కను కూడా అదే కొల్లేటి వైపు ఇచ్చారు. ఆరేళ్ళ కిందట ఒకరోజు అక్క బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. ఎడమ రొమ్ములో రేగిగింజంత గట్టిగా తగులుతోందని, నొప్పేమీ లేదని, బావకు చెప్పలేదని చెప్పింది. రొమ్ముకు తీసే ఎక్స్‌రే ఒకటి ఉంటుందని, అది మా ఊళ్ళో ఫలానా సెంటర్లో తీస్తారని నేను వెంటనే కనుక్కున్నాను. ఆవిడ తోడు వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది?

ఆటో ఆ సెంటరు ముందు ఆగింది. ఆవిడ మెడ బయటికి పెట్టింది.

"మూడు జతలండీ," అంది. "పొద్దున్న పదకొండింటికి మూడు జతలు. వద్దండీ. నేను చెప్పానని కాదుగానండీ, ఆడపిల్ల విషయం. ఈగలు తోలుకునేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తామా?"

అక్క నావైపు చూసింది. నేను ఆవిడవైపు చూశాను. ఆటో వెనక్కి తిరిగింది. వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అక్కడ ముప్పై ఆరు జతలున్నాయి. ఆయన మాత్రలు రాసి, పాలగడ్డలాంటిదేలెమ్మని, నెల చూద్దామన్నాడు. ఒక నెల ఐదు నెలలైంది. ఆ తర్వాత బెజవాడలో పెద్ద డాక్టరు "ఇన్నాళ్ళు ఎందుకాగారమ్మా?" అని అడిగాడు. అక్క తలొంచుకుంది. మరుసటి వానాకాలంలో పోయింది.

ఐదు నెలలు ముందు వెళ్ళి ఉంటే బతికేదా? నాకు తెలియదు. తెలియని అంకె దగ్గర నేను అడ్డగీత గీసి పక్కకు వెళతాను. అయితే గీత గీసినంత మాత్రాన ఆ అంకె సున్నా అయిపోదు.

అక్క పరామర్శకు వచ్చినప్పుడు ఆవిడ నా మణికట్టు పట్టుకుని, "మనం చెయ్యాల్సింది చేశామండీ" అంది. మనం అంది. నేను తలూపాను. అప్పటికి నాకు ఇంకా అర్థం కాలేదు.

అక్కకు వచ్చింది కాబట్టి నన్ను ఏడాదికోసారి ఆ ఎక్స్‌రే తీయించుకోమని బెజవాడ డాక్టరు చెప్పాడు. నాకు నలభై ఆరు నిండాక ధైర్యం వచ్చింది. ఎక్కడికి వెళ్ళాలి? ఒక తెల్లకాగితం మీద నిలువుగా గీతలు గీశాను. మా ఊళ్ళో రెండు, ఏలూరులో ఒకటి, బెజవాడలో ఒకటి. ఒక్కోదానికీ కనుక్కున్నవి రాశాను: మెషీన్ దగ్గర ఆడమనిషి ఉంటుందా, ఫిల్ము చూసే డాక్టరు అక్కడే ఉంటారా లేక వేరే ఊరు పంపిస్తారా, రిపోర్టు ఎన్నాళ్ళకు ఇస్తారు, ప్రయాణం ఎంతసేపు. నాలుగు చోట్లకూ ఫోన్ చేసి అడిగాను. ఏలూరు వాళ్ళు ఒక్కరే విసుక్కోకుండా చెప్పారు.

ఆవిడ మా ఇంటికి వచ్చి బల్ల మీద ఆ కాగితం చూసింది. చాలాసేపు చదివింది.

"లెక్కలు చూస్తే జబ్బులు పారిపోతాయాండీ?" అంది నవ్వుతూ. "ఇందులో ఒక గడి మర్చిపోయారండీ. ఎన్ని జతలుంటాయో రాయలేదు."

నాకు నిజంగానే మర్చిపోయాననిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆవిడ తీసుకెళ్ళింది మా ఊళ్ళోనే రెండో సెంటరుకు. గుమ్మం ముందు చెప్పుల మీద చెప్పులు. నలభై రెండు జతలు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. చీటీ తీసుకుని కూర్చున్నాం. గంట గడిచింది. చదవడానికి ఏమీ లేదు కాబట్టి నేను గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరు వస్తున్నారో ఎవరు వెళుతున్నారో చీటీ వెనక గీతలు పెట్టాను. మనిషికి తోడు ఒక మనిషి. నలభై రెండు జతలంటే ఇరవై ఒక్కమంది రోగులు. గంటలో పని ముగించుకుని బయటికి వెళ్ళినవాళ్ళు ఏడుగురు. లోపలికి వచ్చినవాళ్ళూ ఏడుగురే. ఇరవై ఒకటిని ఏడుతో భాగిస్తే మూడు. అంటే ఒక్కొక్కరూ మూడు గంటలు కూర్చుంటున్నారు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఊరుకోలేక ఇంకో లెక్క చూశాను. గంటకు ఏడుగురే వచ్చి, ఒక్కొక్కరినీ పావుగంటలో చూసి పంపించే చోటైతే గుమ్మం ముందు ఎన్ని జతలుంటాయి? ఏడును నాలుగుతో భాగిస్తే ఒకటీ ముప్పాతిక. తోడు మనుషులతో కలిపి మూడున్నర. మూడు, లేదా నాలుగు జతలు.

ఎక్కువ చెప్పులుంటే ఎక్కువమంది వస్తున్నారని కాదు. వచ్చినవాళ్ళు బయటపడడం లేదని. అంతమందినే చకచకా చూసి పంపే చోట మూడు జతలే కనిపిస్తాయి. ఆ రోజు అక్క ఆటోలోంచి చూసిన మూడు జతలు నా కళ్ళ ముందుకొచ్చాయి. ఒక జత నీలం హవాయి చెప్పులు. అది కూడా గుర్తొచ్చింది.

పక్కన ఆవిడ ఇడ్లీ డబ్బా మూత తీసి, "తినండీ, నీరసపడతారు" అంది.

చీటీ మడిచి పెట్టుకుని ఇడ్లీ తిన్నాను. పిలిచినప్పుడు లోపలికి వెళ్ళాను. "మా అమ్మాయేనండీ" అని మెషీన్ దగ్గర పిల్లకు చెప్పి ఆవిడా లోపలికి వచ్చింది. నేను పైట తీసి నిలబడితే ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి చూసింది. అవతలికి వెళ్ళమని నేను అనలేదు. రిపోర్టు రెండు లైన్లు వచ్చింది, అంతా బాగానే ఉందని. కవరులో రెండు ఫిల్ములు, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. ఆవిడ కవరు అందుకుని రెక్సిన్ సంచీలో పెట్టుకుంది.

"మీ ఇంట్లో మీ మామగారు, మీవారు అందరూ తిరుగుతుంటారు. ఇలాంటివి కంట పడితే బాగోదండీ. నా దగ్గర భద్రంగా ఉంటాయి. వీధిలో అందరివీ నా దగ్గరే ఉన్నాయి."

ఇచ్చేశాను. మొదటిసారి తూచిన కాగితాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాను. చెరువు గట్టు మీద అయితే నాన్న నన్ను కర్ర పుచ్చుకుని కొట్టేవాడు.

ఆ ఏడు ధనుర్మాసం ముందు ఆవిడ వీధిలో ఆడవాళ్ళకు ముగ్గు అచ్చులు పంచింది. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద బ్లేడుతో పువ్వులూ పక్షులూ కోసి, అంచులకు ఎర్ర టేపు అతికించినవి. నేల మీద పెట్టి పిండి జల్లి అరచేత్తో రాస్తే ముగ్గు పడిపోతుంది. ఆవిడ చెయ్యి చాలా నిదానం, కోత ఎక్కడా వంకర పోలేదు. నాకు రెండు పద్మాలు ఇచ్చింది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాళ్ళాయన పనిచేసిన డాక్టరు దగ్గర మిగిలిపోయిన ఫిల్ములై ఉంటాయని అందరం అనుకున్నాం. ఎవరూ అడగలేదు. ఆ నెలంతా మా వీధిలో ఏ వాకిలి చూసినా ముచ్చటగా ఉంది.

మరుసటి ఏడాది నేను ఎవరికీ చెప్పకుండా పొద్దుటి పాసింజరు ఎక్కి ఏలూరు వెళ్ళాను. పూళ్ళ, భీమడోలు దాటుతుంటే కిటికీలోంచి వరిచేలు చూస్తూ, ఈ పని చేయడానికి నాకు ఒక ఏడాది ఎందుకు పట్టిందా అనుకున్నాను. ఆ సెంటరు ముందు రెండు జతలున్నాయి. పదిన్నరకు రమ్మన్నారు, పదీ ముప్పై ఐదుకు పిలిచారు. ఫిల్ము చూసే డాక్టరమ్మ అక్కడే ఉంది. తీసిన పది నిమిషాలకు నన్ను తన గదిలోకి పిలిచింది.

"ఎడమవైపు చిన్న మచ్చలా ఉందండీ. ఇదివరకు తీయించుకున్నారా?"

"పోయినేడు తీయించానండి."

"ఆ ఫిల్ములు తెండి. అందులో కూడా ఈ మచ్చ ఇంతే ఉంటే భయం లేదు, ఊరికే చూస్తూ ఉందాం. అప్పుడు లేకపోయినా, చిన్నదిగా ఉన్నా, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. వారంలోపు తెస్తారా?"

తెస్తానన్నాను. రైల్లో వెనక్కి వస్తూ మచ్చ ఎంతుందో డాక్టరమ్మ రాసిచ్చిన అంకె చూసుకున్నాను. ఎనిమిది మిల్లీమీటర్లు. ఎనిమిది అంటే ఏమీ కాదు. పోయినేడు ఎంత అన్నదే అసలు సంగతి.

నేరుగా ఆవిడ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది.

"పిన్నిగారూ, నా ఫిల్ములు కావాలండి."

"ఎందుకండీ?"

చెప్పాను. ఆవిడ చేతిలో దూది ఆగింది.

"ఏలూరు వెళ్ళారాండీ? మాట మాత్రం చెప్పలేదు." దూది పక్కన పెట్టి, "ఎన్ని జతలున్నాయండీ?"

"రెండు."

"చూశారా మరి," అంది. గొంతులో కోపం లేదు. నన్ను చూసి జాలిపడుతోంది. "ఖాళీగా కూర్చునేవాళ్ళకు మచ్చలు కనబడక ఏం కనబడతాయండీ? వచ్చిన ఒక్క మనిషినీ వదులుకుంటారా? సరే, వెతుకుతానులెండి."

మర్నాడు వెళితే బీరువా తాళం కోడలి దగ్గర ఉందంది. మూడోరోజు ఏకాదశి అంది. నాలుగోరోజు, మనం మళ్ళీ మన సెంటరుకే వెళ్ళి చూపించుకుందామండీ అంది. నేను ఒక్కదాన్నే ఆ సెంటరుకు వెళ్ళి అడిగాను. కంప్యూటరు మార్చారట, ఆర్నెల్లు దాటినవి లేవట. చెప్పులు మాత్రం ముప్పై తొమ్మిది జతలున్నాయి.

ఐదోరోజు పొద్దున్న వాకిలి కడిగి పెద్ద పద్మం అచ్చు తీశాను. రాత్రి జల్లు పడి పిండి గడ్డకట్టి అచ్చుకు అంటుకుపోయి ఉంది. ఎప్పుడూ దులపడమే గాని కడిగింది లేదు. కుళాయి కింద పెట్టి రుద్దితే తెల్లదనం పోయి నల్లగా బయటపడింది. ఒక పక్క టేపు ఊడివచ్చింది. టేపు కింద ఇంగ్లీషు అక్షరాలు. ఎండకు ఎత్తి పట్టుకుని చూశాను. నా పేరులో చివరి ముక్క. పక్కన 46. దాని పక్కన పోయినేటి తేదీ. కింద మూలకు ఎడమ అని తెలిపే అక్షరం.

నా రొమ్ము మధ్యలో ఎనిమిది రేకుల పద్మం కోసి ఉంది. తొమ్మిది నెలలుగా దాన్నే నా గుమ్మం ముందు పెట్టి పిండి జల్లుతున్నాను.

తడి అచ్చు అలాగే పట్టుకుని వెళ్ళాను. ఆవిడ తులసికోట దగ్గర ఉంది. చూసింది. ముఖంలో ఒక్క గీత కూడా మారలేదు.

"తెలిసిపోయిందాండీ," అంది.

"నాలుగు రోజులు తిప్పారండి నన్ను."

"ఎలా చెప్పనండీ, బాధపడతారని. అయినా ట్రంకులో పడి ఉంటే ఏం లాభమండీ? రిపోర్టు కాగితాలు వేరేగా దాచాను, భద్రంగా ఉన్నాయి. బాగుందని రాశారు కదా. బాగున్నదానికి ఇంక ఫిల్ముతో పనేముంది?"

"మరి ఊరందరికీ పంచారుగా. నావి కంట పడితే బాగోదన్నారు."

అప్పుడు ఆవిడ మొదటిసారి నొచ్చుకుంది. నిజంగానే నొచ్చుకుంది. నా మణికట్టు పట్టుకుంది.

"ఛ, అంత తెలివితక్కువదాన్నాండీ? ఒకరిది ఒకరికి ఇస్తానా? ఎవరివి వాళ్ళకే ఇచ్చాను. పేరు చూసుకుని, గుర్తు పెట్టుకుని మరీ ఇచ్చాను."

చెయ్యి లాక్కున్నాను. అన్నేళ్ళలో అది మొదటిసారి. పిన్నీసుల గుత్తి గీరుకుని కొద్దిగా రక్తం వచ్చింది. ఆవిడ "అయ్యో, పసుపు తెస్తానుండండీ" అని లోపలికి వెళ్ళింది. వచ్చేలోపు నేను గేటు దాటేశాను.

ఏలూరులో డాక్టరమ్మ అచ్చును వెలుగు పెట్టె మీద పెట్టింది. చుట్టూ నలుపు, నడుమ పద్మం ఆకారంలో తెల్లటి వెలుగు. ఆ వెలుగు ఆమె కళ్ళద్దాల మీద పడింది. పక్కనున్న నర్సు పిల్ల ఫక్కున నవ్వి, నా ముఖం చూసి ఆపేసింది.

"ఇదేంటండీ?" అంది డాక్టరమ్మ.

"ముగ్గు అచ్చండి."

ఆమె కొత్త ఫిల్ము పక్కన పెట్టి, చిన్న స్కేలుతో కొలిచింది. రెండుసార్లు కొలిచింది. రెండోసారి కొలిచే మనిషిని చూస్తే నాకు గౌరవం.

"మచ్చ ఉండాల్సిన చోట రేకుందండీ," అంది.

సూది పెట్టి ముక్క తీశారు. ఫలితానికి తొమ్మిది రోజులు. ఆరోరోజు కొల్లేటి నుంచి బావ ఫోన్ చేసి, మూడు చెరువులకూ మేత ఎంత వెయ్యాలో చెప్పమన్నాడు. పన్నెండును పదిహేనుతో హెచ్చవేయాలి. నాకు రాలేదు. ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. "లైన్లో ఉన్నావా అమ్మాయ్?" అన్నాడు బావ. అక్క ఆ ఐదు నెలలూ ఎలా గడిపిందో అప్పుడు నాకు కొద్దిగా తెలిసింది. నావి తొమ్మిది రోజులే.

భయపడాల్సింది కాదని వచ్చింది. మామూలు గడ్డ. ఆ ఫలితం సంగతి వీధిలో ఎవరి ద్వారానో ఆవిడకు చేరింది. కూరగాయల బండి దగ్గర నలుగురి ముందు అంది. "నేను చెప్పానని కాదుగానండీ, మన సెంటర్లో బాగుందని ముందే రాశారు. అనవసరంగా సూది గుచ్చించుకున్నారు." నలుగురూ తలూపారు.

ఆ తర్వాత రెండేళ్ళు నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం కనబడినప్పుడల్లా "బాగున్నారాండీ?" అని అడిగేది. ఒక్కసారి కూడా మానలేదు.

ఆవిడ వల్ల నాకు జరిగినదాన్ని ఎన్నోసార్లు లెక్క చూశాను. ఒక సూది, తొమ్మిది రోజులు. నా కోపానికి ఈ అంకె సరిపోదు. సరిపోవాలంటే అక్కను కూడా కలపాలి. అక్క దగ్గర మళ్ళీ ఆ అడ్డగీత. ఆ ఆటోలో నేనూ ఉన్నాను. దిగుదామని నేనూ అనలేదు. ఈ లెక్క తేలదు. తేలనందుకు కోపం తగ్గుతుందనుకుంటారు గాని, తగ్గదు.

కాఫీ తాగి, తొమ్మిదింటికి అటువైపు నడిచాను. వెళ్ళకపోతే మా ఆయన ఊరుకోడు. ఆవిడ వాకిట్లో ముగ్గు లేదు. చావు జరిగిన ఇంట్లో వెయ్యరు. ఖాళీ నేల మీద, గేటు లోపలా బయటా, అరుగు కిందా, చెప్పులే చెప్పులు. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను. ఎనభై ఆరు జతలు. ఆవిడ ఉంటే చాలా సంతోషించేది.

నేను గేటు బయటే నిలబడ్డాను. చెప్పులు విప్పలేదు.

లోపల ఎవరో కూర్చుని ఏడుస్తున్నారు. కాసేపటికి కోడలు గేటు దాకా వచ్చింది. నలభై దాటిన మనిషి. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ మెత్తటి మాటల కింద ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. నా పాదాల వైపు చూసింది, లోపలికి రమ్మని అనలేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఏవండీ, ఆ ఏలూరులో మీరు వెళ్ళే చోటు... ముందు ఫోన్ చెయ్యాలాండీ?"

"చెయ్యాలండి. టైము ఇస్తారు. ఎందుకు, ఏమైనా తగులుతోందా?"

"లేదండీ. ఊరికే. చూపించుకుని మూడేళ్ళయింది. ఆవిడే తీసుకెళ్ళారు."

"పాత ఫిల్ములు..." అని ఆగిపోయాను.

ఆమె ముగ్గు లేని వాకిలి వైపు చూసింది.

"నాకు హంస ఇచ్చారండీ," అంది.

నేను సంచీలోంచి కాగితం ముక్క తీసి ఫోన్ నంబరు రాసిచ్చాను. కింద పాసింజరు టైము రాశాను, ఏడూ ఇరవై.

"ఇదే మొదటిది అనుకోండి," అన్నాను. "ఫిల్ము మీ చేతికే ఇస్తారు. దాచిపెట్టుకోండి. వచ్చే ఏడు కావాలి."

"మీకివ్వనాండీ దాచడానికి? మీరు జాగ్రత్త మనిషి."

"వద్దు," అన్నాను. కాస్త గట్టిగానే వచ్చింది. అరుగు మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు తిరిగి చూశారు. "ఎవరికీ ఇవ్వకండి. నాకు అసలే ఇవ్వకండి."

ఆమె కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని లోపలికి వెళ్ళింది. నేను వెనక్కి తిరిగాను. మా గేటు చేరేలోపు ఇంకో నలుగురు ఎదురై అటు వెళ్ళారు. తొంభై.